సగం వేగం

ఆ వానాకాలం మా ఇంట్లో ముగ్గురం మూడు వేగాలతో బతికాం. మా ఆయనది రెండింతల వేగం. మా అత్తగారిది సగం వేగం. నేను మాత్రం మామూలు వేగంతోనే సరిపెట్టుకున్నాను. ఇంట్లో ఒక్కరైనా అలా ఉండకపోతే పొయ్యి మీది పాలు పొయ్యి పాలవుతాయి.

మా ముందు గదే మా షాపు. పుస్తకాలకి బైండింగ్ చేస్తాం. మామగారు పెట్టిన షాపు అది. ఆయన పోయాక తల్లీకొడుకులే నడుపుతున్నారు. కోయడం, అతికించడం, అట్టలు వేయడం మా ఆయన పని. కుట్టడం అత్తగారి పని. పదహారు పేజీల మడతని మేం ఫారం అంటాం. ఫారం మీద ఫారం పేర్చి, మైనం పట్టించిన దారంతో వెన్ను వెంట కుట్టుకుంటూ, వరస చివర ముడి వేసి, పై ఫారానికి వెళ్ళాలి. నేను డిగ్రీ చదివిన దాన్ని కాబట్టి జిగురు కలపడం వరకూ నన్ను నమ్మారు.

వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున అత్తగారి చేతిలోంచి సూది జారింది. ఆవిడ సూదిని తిట్టారు. ఇంకో సూది ఇచ్చాను. అదీ జారింది. ఈ కాలపు సూదులే అంత అంటూ సూదులు చేసేవాళ్ళ గురించి ఇంకేదో అనబోయారు గానీ మాట ముద్దగా వచ్చింది. అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాం.

మాట తిరిగొచ్చింది. అందులోని కారం కూడా ఏమాత్రం తగ్గకుండా వచ్చింది. కాలు కాస్త ఈడుస్తూనైనా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎవరో కాసేపు చూసుకోమని ఇచ్చి వెళ్ళిన వస్తువులా చూస్తూ కూర్చునేవారు.

షాపు అప్పటికే నీరసంగా ఉంది. ఆఫీసుల వాళ్ళు కాగితాలు మానేసి కంప్యూటర్లలోకి వెళ్ళిపోయారు. కాలేజీ పిల్లలకి మధ్యాహ్నం ఇచ్చింది సాయంత్రానికి కావాలి, జిగురు పూస్తే చాలు. ఆ పని చేసి పెట్టే మిషన్లు మెయిన్ రోడ్డు మీద బోలెడు. చేతికుట్టు ఒక్కటే మా ప్రత్యేకత. ఇప్పుడు ఆ చెయ్యే లేదు. పాత మిషన్లు కొనే ఆయన వచ్చి మా ఇనుప ప్రెస్ చుట్టూ ప్రదక్షిణం చేసి, దాని చక్రాన్ని పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూసి, వీధిలో నీళ్ళు తగ్గి లారీ లోపలికి రాగలిగాక పట్టుకెళ్తానన్నాడు. ముందు గది అద్దెకిస్తారా అని ఫోన్ కవర్లు అమ్మే అతను కబురు పెట్టాడు. అంటే, వానలు ఆగేలోపు మా ఆయనకి ఒక కొత్త ఆలోచన దొరకాలి. లేకపోతే షాపు లేదు.

బావిలో జారిన చెంబు కోసం దిగినట్టు ఆయన ఫోన్‌లోకి దిగారు. చెంబు సంగతి తర్వాత, మనిషే కనిపించడం మానేశారు.

వ్యాపారం గురించి, టెక్నాలజీ గురించి, కొత్తగా ఏం నేర్చుకోవాలన్న దాని గురించి చెప్పేవాళ్ళు లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. చీకటి గదిలో పుట్టగొడుగులు పెంచమన్న వీడియో చూసిన రోజు మా ఆయన మా పడగ్గదిని వేరే చూపుతో చూశారు. కప్పుల మీద మనుషుల మొహాలు అచ్చేయమన్న వీడియో చూసిన రోజు నా మొహాన్ని కూడా అలాగే చూశారు. అందరిలోకీ ఆయనకి బాగా గురి కుదిరింది సూటు వేసుకుని బోర్డు మీద గుండ్రాలు గీసే ఒకాయన మీద. మేం ఆయన్ని సూటాయన అనుకునేవాళ్ళం. ఉన్న సమయంలో రెండింతలు నేర్చుకున్నవాడిదే రేపు అని సూటాయన చెప్పాడట. అప్పట్నుంచి మా ఆయన ఏ వీడియో అయినా రెండింతల వేగంతో వినడం మొదలుపెట్టారు. సూటాయన గొంతు పిచ్చుక గొంతయింది. భోజనాల దగ్గర పిచ్చుక అరుస్తుంటే ఈయన తల ఊపుతూ, నమిలీ నమలకుండా మింగేవారు.

నేను వెటకారంగా చెబుతున్నాను గానీ, ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ ఫోన్ నా చేతికి వచ్చేది. అప్పుడు నేనూ చూసేదాన్ని, మామూలు వేగంతో. అంతరిక్షంలోకి పంపే రేకుని చిన్న పెట్టెలో పట్టేలా ఎలా మడతపెట్టాలో కాగితంతో చేసి చూపించింది ఒకామె. ఇంకెవరో, మొహం కూడా కనిపించదు, ఒక నల్లబల్ల, ఒక చెయ్యి, చుక్క నీరు గుండ్రంగానే ఎందుకుంటుందో బొమ్మ గీసి చెబుతున్నాడు. వెనక కుక్క మొరుగుతుంటే ఆగి, అది ఊరుకున్నాక, ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరడిగారు ఆయన్ని? ఎవరో ఎక్కడో కాయలు కోసుకునే ఒక ఇల్లాలికి నీటిచుక్క అర్థం కావాలని ఆయనకేం పట్టింది? కత్తిపీట ముందు కూర్చుని, కోసిన కాయ చేతిలోనే ఉండిపోయి, నేను చాలాసేపు అలాగే చూశాను. కాలేజీలో మూడేళ్ళు కూర్చున్నా నీటిచుక్క గురించి నన్నెవరూ అంత బతిమాలి చెప్పలేదు.

ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గుల్లో వాన పడినా పనిచేసేది ఒక్కటే. అది అత్తగారి కుర్చీ పక్కన ఉంది. ఒక మధ్యాహ్నం మా ఆయన సూటాయన్ని ఆపకుండానే ఫోన్ ఆ ప్లగ్గుకి తగిలించి, బజార్లోకి వెళ్ళిపోయారు. పిచ్చుక అరిచి అరిచి ఆగింది. ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే వస్తుంది కదా, అలా ఏవేవో వచ్చాయి. ఆపడం అత్తగారికి తెలీదు. తెలిసినా, ఆ ఫోన్ ఉన్నది కుడి చేతి వైపు.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆవిడ ముందుకి వంగి చూస్తున్నారు. బూడిద రంగు సముద్రం. పడవ అంచున ఒక ముసలాయన కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. మాటల్లేవు, గాలి చప్పుడొక్కటే. ఆయనకి ఉన్నది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది.

మా ఆయన పెట్టిన వేగంలో ఆ వేళ్ళు ఈగ రెక్కల్లా కదులుతున్నాయి.

“అమ్మాయ్, ఈయన్ని కాస్త మెల్లగా చెయ్యమను,” అన్నారు అత్తగారు.

ఎక్కడ నొక్కాలో వెతికి మామూలు వేగానికి తెచ్చాను. ఇంకా మెల్లగా అన్నారు. సగానికి తగ్గించాను. గాలి చప్పుడు మూలుగులా మారింది. అలలు లేవాలా వద్దా అని ఆలోచించుకుని లేస్తున్నాయి. ఆ ముసలాయన ఎడమ చెయ్యి దారాన్ని తీసుకుని, బొటనవేలి మీద ఒక ఉచ్చు నిలబెట్టి, చిటికెనవేలితో కొస పట్టుకుని, మణికట్టు తిప్పింది. ఉచ్చులోంచి దారం తనంతట తనే నడిచి వెళ్ళినట్టుంది. నేను అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. అత్తగారు మాత్రం ఆ చేతిని చూడటం లేదు.

మర్నాడు భోజనాల దగ్గర సూటాయన నోరు తెరిచాడు. తాగొచ్చినట్టున్నాడు. మాట మాటకీ మధ్య ఒక కునుకు తీస్తున్నాడు. మా ఆయన ఫోన్ పాడైందనుకుని రెండు చరుపులు చరిచారు. నేను పులుసు వడ్డిస్తూ, పెద్దాయన కదా, నిన్న బాగా అలిసిపోయి ఉంటాడన్నాను. అత్తగారు గ్లాసు వెనక మొహం దాచుకున్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో దోబూచులాట మొదలైంది. ఆయన పెంచుతారు, ఆవిడ తగ్గించమంటారు. వలాయన మా ఇంట్లో మనిషైపోయాడు. మబ్బు పట్టినప్పుడల్లా వలాయన పడవెక్కాడో లేదో అనేవారు అత్తగారు. ఆయన మాకు వేరే వీడియోలు కూడా పెట్టాడు, తాడు పేనడం, బుట్ట అల్లడం. ఆ భాష ఏదో, అక్షరాలేవో మాకు ఒక్కటీ తెలీదు. ఎన్నిసార్లు చూసినా ఆవిడకి చాలేది కాదు. ఒకసారి ఉండబట్టలేక, ఆయన వేళ్ళు మీకు వచ్చేశాయా అత్తయ్యా అనడిగాను.

“వేళ్ళు కాదే,” అన్నారావిడ. “ఆ మొండి చెయ్యి చూడు. చూసినవాళ్ళెవరైనా ఆయనది ఒంటి చేతి పనంటారు. అది కదూ వలని పడవకి అదిమిపెట్టి కూర్చుంది? లేని చేత్తో కూడా పని చేయించుకుంటున్నాడు మహానుభావుడు.”

మళ్ళీ చూశాను. నిజమే. మోచేతి కొస వల మీద ఆని ఉంది. అది నొక్కినప్పుడు వల బిగుస్తోంది, వదిలినప్పుడు జారుతోంది. మామూలు వేగంలో అది కదిలినట్టే తెలీదు.

అత్తగారు ఫారాలు తెమ్మన్నారు. బల్ల ముందు కూర్చున్నారు. ఎడమ చేత్తో కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఎత్తి, పేర్చిన ఫారాల మీద పడేశారు.

“పని చెయ్యదు గానీ బరువుంది. ఊరికే కూర్చుని తింటోంది ఇన్నాళ్ళూ. కాగితాలైనా కదలకుండా చూసుకోనీ.”

ఆ రోజు సూది ఎక్కించడమే కాలేదు. నేను ఎక్కించబోతే వద్దన్నారు. మర్నాడు సూదిని మైనపు ముద్దకి గుచ్చి నిలబెట్టి, దారాన్ని దాని దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్కింది. తర్వాత ముడి దగ్గర ఆగిపోయారు. దారం తెగేది. ఫారం జారేది. తిట్లు మాత్రం ఎక్కడా తెగకుండా సాగేవి. బయట వాన, లోపల వలాయన గాలి. నేను ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతూ చూసేదాన్ని. మా ఆయనకి చెప్పొద్దని కళ్ళతోనే చెప్పారు. ఆయనకి చెప్పడం ఎలాగూ కష్టం, చెవుల్లో పిచ్చుక ఉంది.

ఒక సాయంత్రం మా ఆయన విసిగిపోయి, వేగం మార్చడానికి కూడా ఓపిక లేక, అత్తగారు వదిలిన సగం వేగంలోనే సూటాయన్ని వింటూ మంచం మీద వాలారు. నేను పక్కన బట్టలు మడతపెడుతున్నాను. సూటాయన నత్తలా ఒక్కో మాటా వదులుతున్నాడు. ఏం అమ్మాలో వెతక్కండి. విసుక్కుంటున్న మనిషిని వెతకండి. ఆ విసుగు దేని మీదో చూడండి. అంతే, అదే వ్యాపారం.

మా ఆయన లేచి కూర్చున్నారు.

“ఇది నేను ఇదివరకు విన్నానే,” అన్నారు.

“ఎన్నిసార్లు?”

“చాలాసార్లు.” ఫోన్ వైపు చూసి, “ఇలా వినలేదు,” అన్నారు.

సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. ఎవరినో ఉతికి ఆరేస్తున్నారు. ఇద్దరం వెళ్ళి చూశాం. ఎవరూ లేరు. ఆవిడ ముందు ఒక పుస్తకం ఉంది, పక్కింటివాళ్ళు చదువుకోమని ఇచ్చింది, జిగురు బైండింగ్. ఎడమ చేత్తో తెరుస్తారు. కళ్ళజోడు సర్దుకుందామని చెయ్యి తీస్తారు. టప్పున మూసుకుంటుంది. చోటు మళ్ళీ వెతుక్కోవాలి. చదవబోయినవాళ్ళ వేళ్ళు కొరికే మొసలి పుట్టిందని, ఇలాంటి వెన్ను వేసినవాడికి వెన్నే లేదని, ఇంకా నేను ఇక్కడ రాయలేనివి కూడా అన్నారు.

నేను మా ఆయన వైపు చూసి, విసుక్కుంటున్న మనిషి దొరికిందన్నాను.

ఆయన నవ్వలేదు. అమ్మనీ, పుస్తకాన్నీ, మళ్ళీ అమ్మనీ చూశారు. తర్వాత ఆయన కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. అక్కడ సగం కుట్టిన పుస్తకం ఉంది. దాని మీద దారం ఇంకా వేలాడుతోంది. కుట్టు వంకరగా ఉంది. కొన్ని ముడులు గోధుమ గింజంత లావున్నాయి. పై వరసలకి వచ్చేసరికి సన్నబడ్డాయి. అన్నిటికన్నా పైది, ఆవిడ కుడి చేత్తో వేసిన రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది.

ఆయన ఆ ముడి మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆ పుస్తకాన్ని మధ్యకి తెరిచి బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేశారు. అది తెరుచుకునే ఉంది. చాప పరిచినట్టు పరుచుకుని, కదలకుండా, ఎవరైనా చదువుతారేమోనని చూస్తూ ఉంది. కుట్టిన పుస్తకం ఎప్పుడూ అంతే. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో అవి అలా తెరుచుకునే ఉన్నాయి, మేం ముగ్గురం వాటి మీద లెక్కల కాగితాలూ గ్లాసులూ పెట్టుకుంటూ తిరిగాం.

ఆ తర్వాత విసుగు వెతకడం మాకు ఆటైపోయింది. ముందుగా దొరికింది వయొలిన్ టీచరమ్మ. ఎప్పుడో బాగుచెయ్యడానికి ఇచ్చిన అట్ట పెట్టె కోసం వచ్చిందావిడ. సంచిలో పాటల పుస్తకం, దాన్ని బట్టలారేసే క్లిప్పులు రెండు వైపులా పళ్ళెట్టి కొరుకుతున్నాయి. వాయిస్తుంటే రెండు చేతులూ పనిలో ఉంటాయి, పుస్తకమేమో పాట మంచి పట్టులో ఉండగా మూసుకుంటుంది, క్లిప్పు ఊడితే పాటలో తాళం తప్పుతుంది అని చెప్పింది. అత్తగారు క్లిప్పులు పీకి పక్కన పడేసి, ఆ పుస్తకాన్ని ఎడమ చేత్తో తడిమి, దీని జిగురంతా ఊడదీసి మళ్ళీ కుడతాం, వదిలేసి వెళ్ళమన్నారు.

“ఎవరు కుడతారండీ?” అంది టీచరమ్మ, ఆవిడ ఒళ్ళో ఉన్న చేతిని చూడకుండా ఉండటానికి తంటాలు పడుతూ.

“మేమిద్దరం,” అని అత్తగారు తన రెండు చేతుల్నీ చూపించారు.

రెండు చేతులకీ తీరిక లేనివాళ్ళ కోసం, ఒక చెయ్యి పనిచెయ్యని మనిషి పుస్తకాలు కుట్టడం మొదలైంది. సూటాయనకి ఇది చెబితే బోర్డు మీద ఎన్ని గుండ్రాలు గీసేవాడో. నాకు జిగురు నుంచి సూదికి ప్రమోషన్ వచ్చింది. నాకు చెయ్యి ఒకటి ఎక్కువైందని, అదే అడ్డం పడుతోందని ఆవిడ అభిప్రాయం. మా ఆయన ఫారాలు విడదీసి, చిరిగినవి అతికించి అందిస్తుంటే, నేను కింది వరసలు కుట్టేదాన్ని, ముడులు ఆవిడ వేసేవారు. పిచ్చుక అరుపు ఇంట్లో తగ్గింది. ఆయన వీడియోలు చూడటం మానలేదు, వేగం మానేశారు. ఒకటే వీడియో చూసి, ఫోన్ బోర్లా పెట్టి, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునేవారు. అలా కూర్చున్న మనిషిని పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదలు.

వానలు తెరిపిచ్చాయి. వీధిలో నీళ్ళు తగ్గాయి. ఒక పొద్దున లారీ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. పాత మిషన్ల ఆయన ఇద్దరు మనుషుల్నీ తాళ్ళనీ వెంటపెట్టుకుని, ఏవండీ సిద్ధమేనా అంటూ లోపలికి వచ్చాడు. మా ఆయన చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. మేం ఈ రోజు గురించి ఇంట్లో ఒక్కసారి కూడా అనుకోలేదు. టీచరమ్మదీ, ఆవిడ శిష్యులవీ కొన్ని పుస్తకాలతో ఒక షాపు నిలబడుతుందని చెప్పేంత ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆయన ప్రెస్ దగ్గరికి వెళ్ళి, చక్రం మీద చెయ్యేసి, “ఇందులో పుస్తకం ఉందండీ. జిగురు తడి ఆరేదాకా తియ్యకూడదు,” అన్నారు.

“ఎప్పుడు తీస్తారు?”

మా ఆయన తల తిప్పి వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ బల్ల ముందు కూర్చుని, కుడి చేతిని ఎత్తి కొత్త ఫారాల దొంతి మీద పెట్టుకుంటున్నారు.

“అది తీసేలోపు ఇది సిద్ధమవుతుంది,” అన్నారు తలెత్తకుండా.

పాత మిషన్ల ఆయన కాసేపు ఆ చేతిని చూశాడు. మా ప్రెస్ చక్రాన్ని మరోసారి నిమిరి, మనుషుల్ని తాళ్ళు చుట్టేయమన్నాడు. పోతూ పోతూ, ఇంట్లో ఒక పాత వంటల పుస్తకం వెన్ను ఊడి పడి ఉందని, తెమ్మంటారా అని అడిగాడు.

వలాయనకి ఎలాగైనా చెప్పాలని అత్తగారి పట్టుదల. ఏ భాషలో చెబుతాం? ఆయన మాటల్లేకుండానే చూపించాడు కదా, మనమూ అలాగే చూపిద్దాం అన్నాను నేను. డబ్బా మీద డబ్బా పేర్చి, ఫోన్ ఆనించి, ఆవిడ రెండు చేతులూ కనిపించేలా వీడియో తీశాను. కుడి చెయ్యి ఫారాల మీద బరువుగా పడుకుని ఉంది. ఎడమ చెయ్యి వరస కుట్టి, ఉచ్చు నిలబెట్టి, మణికట్టు తిప్పి, ముడి వేసింది. మొహం కనిపించలేదు. బయటెవరో హారన్ కొడితే ఆగి, అది ఊరుకున్నాక, ఆపిన చోటి నుంచే మొదలుపెట్టారు. అప్పుడు నాకు నల్లబల్ల మీది ఆ చెయ్యి గుర్తొచ్చింది.

దాన్ని లోకంలోకి వదిలాం. కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. వలాయన చూశాడో లేదో ఇప్పటికీ తెలీదు. ఒక సాయంత్రం మాత్రం, నేను పాల గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి, దాని కింద మేం ఎన్నడూ చూడని అక్షరాల్లో నాలుగు ముక్కలు కనిపించాయి, చీమలు బారులు తీరినట్టు. ఫోన్‌నే అడిగి మన భాషలోకి మార్చుకున్నాం. మా ఆయన పైకి చదివారు, ఒక్కో మాటా ఆగి ఆగి. నాకు ఎడమ చెయ్యి లేదు. మీరు చేసేది అద్దంలో తిప్పి చూసి నేర్చుకుంటున్నాను. బరువు పెట్టడం వచ్చింది. ముడి దగ్గర మీరు చాలా వేగంగా వెళ్ళిపోతున్నారు, అందుకోలేకపోతున్నాను.

అత్తగారు మళ్ళీ చదవమన్నారు. చదివారు.

“నేనా? వేగమా?” అన్నారు. మొహం అంతా వెలుగు. తర్వాత నా వైపు తిరిగి, “సగం చేసుకుని చూడమని రాయి,” అన్నారు.

నేను రాయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

“వద్దులే. ఎవరో ఏమో, అద్దం పట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉంటారు. ఫోన్ అక్కడ పెట్టు, ఇంకోసారి వేస్తాను.”

ఈసారి డబ్బాలు పేర్చలేదు. ఫోన్ మా ఆయన పట్టుకున్నారు, ఊపిరి బిగబట్టి, కదలకుండా. అత్తగారు దారానికి మైనం పట్టించారు. కుడి చేతిని ఎత్తి దాని చోట కూర్చోబెట్టారు. ఎడమ బొటనవేలి మీద ఉచ్చు నిలబడింది. మణికట్టు మెల్లగా, వానకి బరువెక్కిన కొమ్మ తనంతట తను లేచినంత మెల్లగా, తిరగడం మొదలుపెట్టింది.

వంటింట్లో పాలు పొంగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. లేవలేదు.